బావగారికి టీబీ కూడా ఉందంటే హెచ్ఐవీ మాత్రలు ఆపాలా?

వద్దు అన్నయ్యా, ఆపకూడదు. రెండు రకాల మందులు కలిపితే ఒంటికి వేడి చేస్తుందని ఎవరో చెప్పారన్నారు కదా, ఆ మాట పక్కన పెట్టండి. అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వల్ల డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు లివర్‌లో త్వరగా కరిగిపోయి, రక్తంలో దాని మోతాదు తగ్గిపోతుంది. అందుకే రోజూ వేసుకునే టీఎల్‌డీ మాత్రకు (డోలుటెగ్రావిర్‌తో పాటు మరో రెండు హెచ్ఐవీ మందులు కలిసిన మాత్ర) తోడు, 12 గంటల తేడాతో ఇంకో 50 ఎంజీ డోలుటెగ్రావిర్ ఇస్తారు. రిఫాంపిసిన్ ఆపిన తర్వాత కూడా 2 వారాలు అది కొనసాగాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్ (హెచ్ఐవీ మందులిచ్చే కేంద్రం) ఉంది. టీబీ కార్డు పట్టుకుని వెళ్లి, అదనపు మాత్ర రాశారో లేదో అడగండి. సొంతంగా మాత్రం కొని వేయకండి.

మూత్రం నారింజ రంగులో వస్తోందని టెన్షన్ పడకండి, అది రిఫాంపిసిన్ రంగే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టర్‌కు చూపించండి.