టాక్సికాలజీ ఫెలోషిప్‌లో నాలుగైదు సంస్థలు ఎందుకు? ఎక్కడ ఏం నేర్పుతారు?

మీ ప్రశ్న: అమెరికాలో ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీలో, జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసా మీద ఉన్నారు. మెడికల్ టాక్సికాలజీ (విషాల వైద్యం) ఫెలోషిప్, అంటే రెసిడెన్సీ తర్వాతి ప్రత్యేక శిక్షణ, ఒక్కోదాని కింద నాలుగైదు సంస్థల పేర్లు కనిపిస్తున్నాయి, అసలు శిక్షణ ఎక్కడ అని.

అన్నిచోట్లా. ఈ సబ్జెక్టుకు కావలసిన రోగులు ఒక్క ఆసుపత్రిలో దొరకరు. అట్లాంటా సంగతే చూడండి. ఫెలోషిప్ ఎమొరీ యూనివర్సిటీది. విషం తీసుకున్న పెద్దవాళ్లు గ్రేడీ అనే ప్రభుత్వ ఆసుపత్రికి వస్తారు. విషం గురించి సలహా అడిగే ఫోన్ కాల్స్ జార్జియా పాయిజన్ సెంటర్‌కు వస్తాయి. రసాయనాల వల్ల జనం మూకుమ్మడిగా జబ్బుపడితే ఆ దర్యాప్తు పద్ధతి నేర్చుకునే చోటు సీడీసీ అనే ఫెడరల్ ప్రజారోగ్య సంస్థ. రెండేళ్లలో ఫెలో వీటన్నిటి మధ్యా తిరుగుతాడు.

కాగితాల మీద బాధ్యత మాత్రం ఒక్కరిదే. దాన్ని స్పాన్సరింగ్ ఇన్‌స్టిట్యూషన్ అంటారు. డాక్టర్ల శిక్షణ ప్రోగ్రాంలను ఆమోదించే ఏసీజీఎంఈ అనే సంస్థ ఇచ్చే గుర్తింపు దాని పేరు మీదే ఉంటుంది. తప్పనిసరి రొటేషన్ (ఒక చోట కొంతకాలం పనిచేస్తూ నేర్చుకోవడం) ఉన్న ప్రతి ఇతర సంస్థతో ప్రోగ్రాంకు పీఎల్ఏ (ప్రోగ్రాం లెటర్ ఆఫ్ అగ్రిమెంట్) అనే ఒప్పందం ఉండాలి. అక్కడ ఫెలోను ఎవరు పర్యవేక్షిస్తారు, ఏం నేర్పుతారు, ఎంతకాలం, ఏ నియమాలు వర్తిస్తాయి అన్నవి అందులో రాస్తారు. చాలామంది దీన్ని ఉత్త ఫార్మాలిటీ అనుకుంటారు. కాదు. ఆ సైట్‌లో రాత్రి 2 గంటలకు మీ వెనక ఏ అటెండింగ్ (బాధ్యత వహించే సీనియర్ డాక్టరు) ఉంటాడో తేలేది ఆ పర్యవేక్షణ ఏర్పాటు మీదే.

పాయిజన్ సెంటర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మనవాళ్లు తడబడేది అక్కడే. గుళికల మందు (పురుగుమందు), పారాక్వాట్ (కలుపుమందు) కేసులు మంచం పక్కన చూసి వచ్చిన డాక్టర్లకు రోగిని చూడకుండా ఫోన్‌లో సలహా చెప్పడం కొత్త. 1-800-222-1222కు చేస్తే ఆ ప్రాంతపు సెంటర్‌కు కలుస్తుంది. ముందు ఎత్తేది శిక్షణ పొందిన నర్సు లేదా ఫార్మసిస్టు. క్లిష్టమైనవి ఫెలోకు, ఆపైన అటెండింగ్‌కు వెళ్తాయి. చెప్పిన సలహా సెంటర్ సొంత రికార్డులో ఉంటుంది, ఆసుపత్రి రికార్డులోకి దానంతటదే రాదు. పారాసిటమాల్ ఎక్కువ మింగిన కేసులో సెంటర్ దాని విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్‌ను మూడు సెలైన్ సంచుల్లో ఎక్కించే పద్ధతి చెప్పవచ్చు: కిలోకు 150, 50, 100 మిల్లీగ్రాములు, మొత్తం 21 గంటలు. ఆసుపత్రి ప్రోటోకాల్ రెండు సంచులది కావచ్చు. రెండిట్లో ఏది నడుస్తుందో తేల్చకుండా షిఫ్ట్ మారితే డోసు తప్పుతుంది. అందుకే ప్రతి సైట్‌లో మూడు విషయాలు మొదటి వారమే రాసి పెట్టుకోండి: ఏ విరుగుడు మందులు స్టాకులో ఉన్నాయి, మిథనాల్ (విషపు ఆల్కహాల్) రక్తపరీక్ష అక్కడే చేస్తారా బయటికి పంపుతారా, ఫలితం రావడానికి ఎంతసేపు. బయటికి పంపే చోట ఫలితం కోసం ఆగకుండా మిథనాల్ విరుగుడు ఫోమెపిజోల్ మొదలుపెట్టాల్సి రావచ్చు. మొదటి డోసు కిలోకు 15 మిల్లీగ్రాములు.

పనిగంటల పరిమితి నాలుగు వారాల సగటున వారానికి 80. ఇంటి నుంచి రోగి గురించి మాట్లాడిన ఫోన్ సమయం కూడా ఇందులోకి వస్తుంది. పాయిజన్ సెంటర్ కాల్స్ ఎక్కువగా ఇంటి నుంచే కాబట్టి ఫెలోలు వీటిని రాయడం మరిచిపోతుంటారు. రెండు సైట్ల కాల్ ఒకే రాత్రి పడితే ఆ లెక్క చాలా తేడా వస్తుంది.

డబ్బు సంగతి ఎవరూ చెప్పరు కానీ తెలుసుకోవాలి. మొదటి రెసిడెన్సీ కాలం దాటాక మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆసుపత్రికి నేరుగా ఇచ్చే శిక్షణ నిధిలో ఫెలోను సగం మనిషిగానే లెక్కగడతారు. రోగుల సంరక్షణ లేని చోట గడిపే నెలల జీతం ఎవరో ఒకరు వేరేగా సర్దాలి. నిధులు మారితే ముందు కోతపడేది అలాంటి రొటేషనే కావచ్చు. ఈ ఏడాది ఫెలోలు నిజంగా తిరిగిన బ్లాక్ చార్టు (ఏ నెల ఏ సైట్‌లో అన్న పట్టిక) చూపించమని ఇంటర్వ్యూలో అడగండి. వెబ్‌సైట్‌లోది పాతది అయ్యుండొచ్చు.

మీకు వర్తించే రెండు సంగతులు. ప్రతి ఆసుపత్రిలో క్రెడెన్షియలింగ్ (పనిచేసే ముందు అర్హతల తనిఖీ), కంప్యూటర్ అనుమతి వేర్వేరుగా తీసుకోవాలి, నెలలు పడుతుంది. సీడీసీ లాంటి ఫెడరల్ సంస్థల్లో విదేశీయుల భద్రతా తనిఖీ ఇంకా ఆలస్యం. కనక ఆ రొటేషన్ మొదటి ఏడాది చివరికో రెండో ఏడాదికో వేయించుకోండి. అలాగే జే-1 మీద ఉన్నవాళ్లు బయటి సైట్‌కు వెళ్లే ముందు ఆ సంగతి వీసా స్పాన్సరుకు (పైన చెప్పిన స్పాన్సరింగ్ ఇన్‌స్టిట్యూషన్ కాదు) తెలియాలి. ప్రోగ్రాం కోఆర్డినేటర్‌ను చేరిన మొదటి నెలలోనే సైట్ల జాబితాతో కలవండి.