సర్వీసింగ్‌లో తగిలించే అదనపు పనులు: ఏది ఒప్పుకోవాలి, ఏది కొట్టేయించాలి

మీరు అడిగింది ఇది: ఎంవీపీ కాలనీలో ఉంటారు, మూడేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 28,000 కిలోమీటర్లు తిరిగింది. మామూలు సర్వీసుకి ఆరేడు వేలు అవుతుందనుకుంటే కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు 15,400 రూపాయల ఎస్టిమేటు చేతిలో పెట్టారు. అందులో ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, బ్రేక్ క్లీనింగ్, అండర్ బాడీ కోటింగ్, అలైన్‌మెంట్, కొత్త బ్యాటరీ ఉన్నాయి. వద్దంటే వారంటీ పోతుందని కూడా అన్నారు.

ముందు ఆ వారంటీ భయం తీసేద్దాం. వారంటీ నిలవాలంటే మాన్యువల్‌లో రాసిన సర్వీసులు రాసిన గడువులో, రాసిన గ్రేడు ఆయిల్‌తో జరగాలి. ఫ్లషింగ్, కోటింగ్ లాంటివి ఆ షరతుల్లో ఉండవు. ఎవరైనా ఉన్నాయంటే, "వారంటీ బుక్‌లెట్‌లో ఆ పేజీ చూపించండి, లేదా ఇది చేయించకపోతే వారంటీ రద్దు అని జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టండి" అనండి. జాబ్ కార్డు అంటే బండి అప్పగించేటప్పుడు చేయాల్సిన పనులు రాసే కాగితం. మాట అక్కడితో ఆగిపోతుంది. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నది అభియోగం. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దు అనకూడదని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. తర్వాత అది అప్పీళ్లకు వెళ్లింది, అందుకని కౌంటర్ దగ్గర దాని మీద వాదన పెట్టుకోవద్దు. బుక్‌లెట్ పేజీ అడగడమే తేలిక.

ఇక సర్వీసుకి వెళ్లే ముందురోజు రాత్రి పది నిమిషాలు కూర్చుని ఓనర్స్ మాన్యువల్ చివర్లో ఉండే మెయింటెనెన్స్ పట్టిక తీయండి. పైన కిలోమీటర్లు, నెలలు ఉంటాయి, పక్కన భాగాల పేర్లు. గళ్లలో ఒక్కో అక్షరం ఉంటుంది: చాలా పుస్తకాల్లో ‘ఐ’ అంటే తనిఖీ, ‘ఆర్’ అంటే మార్పు. మీది 30,000 కిలోమీటర్లు, 36 నెలల గడి. చాలా పెట్రోల్ కార్లకి ఈ గడిలో ఖాయంగా మార్చాల్సింది ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషర్. ఆ వాషర్‌కి బిల్లులో పాతికో యాభయ్యో వేస్తే అడ్డుచెప్పకండి, అది ప్రతిసారీ మార్చాల్సిందే, లేకపోతే ఆయిల్ చెమరుస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. విశాఖ గాలిలో తేమకి కొదవ లేదు, పైగా సింహాచలం, అరకు ఘాట్ దిగే బళ్లకి బ్రేకులే ప్రాణం. గడువు దాటి ఉంటే వాళ్లు చెప్పకపోయినా మీరే అడిగి చేయించండి. ఆ గడి ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. మీ మోడల్‌కి ఆ సర్వీసు ఖర్చెంతో చాలా కంపెనీల యాప్‌లోనే కనిపిస్తుంది, దాని స్క్రీన్‌షాట్ కూడా తీసుకోండి.

ఆ పట్టికలో లేని పని ఏదైనా సరే, కొలత గానీ లక్షణం గానీ చూపిస్తేనే ఒప్పుకోండి. మిల్లీమీటర్లు, వోల్టులు, ప్రింటవుట్, ఫొటో, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. మీకిచ్చిన ఎస్టిమేటుని ఇలాగే చూద్దాం.

ఇంజిన్ ఫ్లషింగ్ కొట్టేయించండి. పాత ఆయిల్‌లో ఒక డబ్బా కెమికల్ పోసి పది పదిహేను నిమిషాలు ఇంజిన్‌ని ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తూ) ఉంచి ఆ ఆయిల్ దించేస్తారు. గడువులో ఆయిల్ మార్చిన ఇంజిన్‌లో కడగాల్సినంత మడ్డి ఉండదు. మడ్డి నిజంగా పేరుకున్న ఇంజిన్‌లో అయితే ఇంకో ప్రమాదం. పెళ్లలుగా ఊడిన మడ్డి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడుతుంది, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. అంటే అవసరం లేని బండికి డబ్బు దండగ, అవసరం ఉన్న బండికి గండం.

ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్ కూడా 28,000 కిలోమీటర్లకి అక్కర్లేదు. మిస్‌ఫైర్ (ఇంజిన్ మధ్యమధ్యలో తడబడటం), పొద్దున్నే స్టార్టింగ్ మొరాయించడం, మైలేజీ హఠాత్తుగా పడిపోవడం ఉంటే అప్పుడు స్కానర్ పెట్టి చూసి మాట్లాడాలి. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో (పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మేవి) గాలి లోపలికెళ్లే ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పట్టేమాట నిజమే. అయితే వాటిలో పెట్రోలు ఆ వాల్వుల మీదుగా పోదు, కాబట్టి ట్యాంకులో పోసే సీసా మందు వాటిని తాకనే తాకదు. బిల్లులో ‘ఫ్యూయల్ అడిటివ్’ అని రెండు మూడొందల పద్దు కనబడితే అదీ కొట్టేయించండి. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని పెంచి తగ్గించే థ్రాటిల్ బాడీ సంగతి కొంచెం వేరు. సిగ్నల్ దగ్గర ఆర్పీఎం ఎగుడుదిగుడుగా ఊగుతున్నా, బండి ఆగిపోతున్నా క్లీనింగ్ పనిచేస్తుంది. అలాంటిదేమీ లేకపోతే వదిలేయండి. చేయించుకుంటే మాత్రం తర్వాత స్కానర్‌తో ఐడిల్ రీసెట్ చేశారా అని అడగండి. చేయకపోతే ఐడిల్ పాడై, "సెన్సర్ పోయింది" అనే కొత్త కథ మొదలవుతుంది.

ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్ అంటే చాలాచోట్ల వెంట్లలోకి నురగ స్ప్రే కొట్టడమే. ముందు కేబిన్ ఫిల్టర్ చూడండి, అది మీరే చూడొచ్చు. ముందు సీటు ఎదురుగా ఉన్న గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వేలాడుతుంది. వెనకాల పలచటి పొడుగు మూత ఉంటుంది, చివర్లో క్లిప్పు నొక్కి లాగితే ఫిల్టరు సొరుగులా బయటికొస్తుంది. తెల్లగా ఉండాల్సిన మడతలు నల్లగా, ఎండుటాకులతో, పురుగులతో నిండి ఉంటే మార్చాలి. మామూలు కాగితం రకం చిన్న కార్లకి కొన్ని వందల్లో దొరుకుతుంది. పెట్టేటప్పుడు పక్కన ఉన్న బాణం గుర్తు పాతదానికి ఎటుందో అటే ఉండాలి. ఈ మార్పుకి విడిగా లేబర్ వేస్తే ప్రశ్నించండి, చేసే పని రెండు నిమిషాలది. ఏసీ వేయగానే ముక్కవాసన వస్తోందంటే ఎవాపరేటర్ (ఏసీలో గాలిని చల్లబరిచే భాగం) తడిగా ఉండిపోతోందని. ఇల్లు చేరడానికి మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి ఫ్యాన్ మాత్రం నడపండి, తడి ఆరిపోతుంది. అప్పటికీ వాసన తగ్గకపోతే అప్పుడు క్లీనింగ్ చేయించండి.

బ్రేక్ క్లీనింగ్ విషయంలో ఒక గమ్మత్తు జరుగుతుంది. బ్రేకుల తనిఖీ పీరియాడిక్ సర్వీసులోనే ఉంది, దాని లేబర్ మీరు ఎలాగూ కడుతున్నారు. చక్రాలు ఊడదీసి, డ్రమ్ముల్లో దుమ్ము దులిపి, సర్దుబాటు చేయడాన్ని మళ్లీ విడిగా రాస్తే ఒక పనికి రెండుసార్లు తీసుకున్నట్టే. "ప్యాడ్లు అయిపోయాయి" అంటే మందం ఎంతో మిల్లీమీటర్లలో చెప్పమనండి, స్కేలు పెట్టి తీసిన ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. కొత్త ప్యాడ్ పది మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, వెనక ఇనుప రేకు కలపకుండా. 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేయాలి. 5 ఉంటే వచ్చే సర్వీసులో చూద్దామనండి. ఒకపక్క 6, రెండోపక్క 3 ఉంటే ప్యాడ్లు మార్చి ఊరుకోకూడదు, కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్ను పట్టేసి ఉండొచ్చు. అప్పుడు పిన్నుల గ్రీజింగ్ నిజంగా కావాల్సిన పని.

అండర్ బాడీ కోటింగ్ దగ్గర మాత్రం నేను గుడ్డిగా వద్దనను, ఎందుకంటే ఊరు విశాఖ. అప్పుఘర్, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు ఉన్న బళ్లకి ఉప్పుగాలి రోజూ తగులుతుంది. మీ కాలనీకీ సముద్రం ఎంతో దూరం లేదు. అయితే అమ్మే పద్ధతి చూడండి: ర్యాంపు మీద ఎత్తి, తుప్పుపట్టిన సైలెన్సర్ గొట్టం ఫొటో తీసి పంపి భయపెడతారు. సైలెన్సర్ మీద, బ్రేక్ డిస్కు మీద, సస్పెన్షన్ ఆర్మ్ మీద పైపై ఎర్రతుప్పు మామూలే. డిస్కు మీది తుప్పు రెండుసార్లు బ్రేకు నొక్కితే పోతుంది. సైలెన్సర్‌కి ఆ కోటింగ్ వేయనే కూడదు, కాలి కంపు కొడుతుంది. మీరు చూడాల్సిన చోట్లు వేరు: డోర్ల కింది అంచు మడత, సిల్ (డోర్ల కింద పొడుగునా ఉండే పట్టీ) కింద రేకులు కలిసే అతుకు, జాకీ పెట్టే చోటు, బ్రేకు పైపులు. ఫోన్ టార్చి పట్టుకుని చూడండి. అక్కడ పెయింటు పొంగి బుడగలు కట్టి ఉంటే కోటింగ్ అవసరమే, ముందు తుప్పు గీకి ప్రైమర్ వేయాలి.

వేయించే తీరులోనే అసలు తేడా ఉంది. కింద ప్రెషర్ వాష్ చేసి ఉప్పు పోగొట్టి, చెమ్మ లేకుండా పూర్తిగా ఆరనిచ్చి వేయాలి. పొద్దున వాష్ చేసి మధ్యాహ్నానికల్లా కోటింగ్ వేసి సాయంత్రం బండి ఇచ్చేస్తే ఉప్పునీళ్లని లోపల పెట్టి సీలు వేసినట్టు, తుప్పు కనబడకుండా లోలోపల తింటుంది. డోర్ల కింద, సిల్ కింద నీళ్లు దిగే చిన్న రంధ్రాలు ఉంటాయి, స్ప్రే కొట్టేటప్పుడు అవి మూసుకుపోకూడదు. "ఒకరోజు అదనంగా ఉంచి, ఆరాక వేసి, వేయకముందూ వేశాకా ఫొటోలు పంపుతారా?" అని అడగండి. పంపుతామంటే వేయించండి, ప్రతి ఏడూ అక్కర్లేదు. కుదరదంటే ఆ డబ్బు మిగుల్చుకుని, నెలకోసారి మంచినీళ్లతో బండి అడుగు కడిగించండి.

ఎయిర్ ఫిల్టర్ మీ ఎస్టిమేటులో లేదు, అయినా చెబుతున్నా. రోజూ గాజువాక, స్టీల్ ప్లాంట్ వైపు గానీ, పోర్టు బొగ్గుధూళి ఉండే కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం మీదుగా గానీ వెళ్లే బళ్లకి ఫిల్టరు మాన్యువల్ గడువు కన్నా ముందే నిండుతుంది. అక్కడ ముందుగా మార్చమంటే అది మోసం కాదు.

అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలు సరిచేయడం. దాని అవసరం ఎప్పుడంటే తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ ఒకపక్కకి లాగినా, టైరు ఒక అంచే అరిగినా, గుంతలో గట్టిగా పడ్డా. చేయిస్తే ముందూ తర్వాతా కొలతల ప్రింటు తీసుకోండి. ‘క్యాంబర్ కరెక్షన్’ అని విడిగా రాస్తే ఎలా సరిచేస్తారో అడగండి. చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకి టో (చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగిన కోణం) తప్ప క్యాంబర్ (చక్రం నిలువుగా ఒరిగిన కోణం) సర్దే ఏర్పాటు ఉండదు, జాకీ పెట్టి వంచే పద్ధతికి ఒప్పుకోవద్దు.

బ్యాటరీ మూడేళ్లకి పోవడం అసాధ్యమేమీ కాదు, అందుకే టెస్టర్ స్లిప్పు అడగాలి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులుంటే నిండా ఉన్నట్టు, 12.4 అయితే ఫర్వాలేదు, 12.2 కన్నా తక్కువైతే సగం ఖాళీ. ఖాళీ అయినంత మాత్రాన పోయినట్టు కాదు. పూర్తిగా ఛార్జి చేసి మళ్లీ టెస్టు పెట్టాలి. మార్చాల్సే వస్తే బయట డీలర్ల దగ్గర రేటు కనుక్కోండి, పాత బ్యాటరీ విలువ బిల్లులో తగ్గించారో లేదో చూడండి.

మీరు బండి సర్వీసుకి అప్పగించే రోజు జాబ్ కార్డు మీదే అంతా తేలాలి. కౌంటర్‌లో మీతో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్లకి ఈ అదనపు పనుల మీద నెలవారీ టార్గెట్లు ఉంటాయి. ఆ కుర్రాడి మీద కోపం తెచ్చుకోవద్దు, మర్యాదగానే "మాన్యువల్ ప్రకారం 30,000 సర్వీసు మాత్రమే. నాకు రాసి పంపి, నేను సరే అనకుండా అదనపు పని చేయొద్దు. తీసిన పాత భాగాలు డిక్కీలో పెట్టాలి" అని చెప్పి ఆ మూడు ముక్కలూ జాబ్ కార్డులో రాయించండి. ఖాళీ గళ్లున్న కార్డు మీద సంతకం పెట్టకండి, ఫొటో తీసుకోండి. మధ్యాహ్నం ఫోన్ వస్తుంది, "సార్, బండి ర్యాంపు మీదుంది, ఇప్పుడే చెప్పాలి" అని. అదనపు పనికి మీ అనుమతి కింద అడిగే ఓటీపీ చెప్పకండి, లింకు నొక్కకండి. ఫొటో, కొలత, రేటు వాట్సాప్‌లో పెట్టమనండి.

డబ్బు కట్టేముందు ప్రొఫార్మా బిల్లు (అసలు బిల్లుకి ముందు చూపించేది) చదవండి. ఆయిల్ ఎన్ని లీటర్లు వేశారో మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. ఇంజిన్ ఆపిన ఐదు నిమిషాలకి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీసి ఆయిల్ రెండు గీతల మధ్య ఉందో లేదో అక్కడే చూడండి, పైగీత దాటినా తప్పే. ‘కన్స్యూమబుల్స్’ (పనిలో ఖర్చయిపోయే చిన్నచిన్న సామాన్లు) అని మొత్తంగా వేస్తే ఏమేమిటో విడగొట్టమనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే, పాత 28 కనబడితే సరిచేయించండి. చెప్పని పని బిల్లులో ఉంటే గేటు పాస్ తీసుకోకముందే వర్క్స్ మేనేజర్‌ని కలవండి. జాబ్ కార్డులో మీ మాట రాసి ఉంటే ఎక్కువసార్లు అక్కడే తీసేస్తారు.

తీయకపోతే బిల్లు కట్టి, బండి తీసుకుని, అదేరోజు కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ రాయండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. రెండేళ్లలోపు వేయాలి, 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. జాబ్ కార్డు ఫొటో, ఎస్టిమేటు, ఇన్‌వాయిస్, వాట్సాప్ సంభాషణ జతచేయండి. ఫోన్‌లో అనుకున్న మాటకి రుజువుండదు, కాబట్టి అడ్వైజర్ ఏది ఒప్పుకున్నా వెంటనే "మీరు ఇలా అన్నారు" అని ఒక మెసేజ్ పెట్టేయండి.