నీళ్ల బిల్లుల నీళ్లవి కాని పైసలు

అమెరికాల ఆస్టిన్ పట్నంల కిరాయింట్ల దిగి మొదటి బిల్లు చూసి గాబరాపడ్డ హన్మకొండ తమ్ముడు అడుగుతున్నడు: "అన్నా, నీళ్లకంటె మురుగునీళ్లకే ఎక్కువ పడ్డది. డ్రైనేజీ అని ఒకటి, చెత్తకు ఒకటి. ఇవన్నీ కట్టాల్నా? వచ్చే ఏడు శివార్ల ఇల్లు కొందామనుకుంటున్న, అక్కడన్న తక్కువ పడతదా?"

కట్టాల్సిందే తమ్మీ. కరెంటు, నీళ్లు, మురుగు, వానకాల్వలు, చెత్త అన్నీ ఒక్క బిల్లులనే వస్తయి. మన దగ్గర నల్లా బిల్లు వేరు, ఇంటిపన్ను వేరు. ఏప్రిల్‌ల కడితే 5 శాతం తగ్గుతదని మా నాయిన ముందే పోయి కడతడు. ఇక్కడ నీళ్ల శాఖ తన ఖర్చు తన బిల్లులనుంచే రాబట్టుకోవాలె. పైపు మార్చినా, మురుగు శుద్ధి చేసినా నీ జేబులకెల్లే. రేట్లెంతో సిటీ వెబ్‌సైటుల చూసుకో, మారుతుంటయి.

నేను ఎక్కడ దెబ్బతిన్ననో విను. ఇంట్లకెల్లి పోయే మురుగుకు మీటరుండదు. నవంబరు నడుమ నుంచి మార్చి నడుమ దాక, చలికాలంల వాడిన నీళ్ల సగటు తీస్తరు. తర్వాత ఏడాదంతా మురుగు లెక్కకు అదే హద్దు. ఎండకాలం గడ్డికి ఎన్ని నీళ్లు పెట్టినా ఆ హద్దు దాటి మురుగు చార్జీ వెయ్యరు. నాకు ఈ ముచ్చట తెల్వని ఏడు, సరిగ్గ చలికాలంల మా అమ్మ కాజీపేట నుంచి వచ్చింది. మా వాడకట్టుల నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. పొద్దున లేవంగనే బకెట్లు, గిన్నెలు నింపుడు, నిన్నటివి పాసినీళ్లని పారబోసుడు ఆమెకు అలవాటు. ఇక్కడ నీళ్లు బందు కావమ్మా అంటే, "రేపు రాకుంటే?" అన్నది. నవ్వి ఊకున్న. ఎండకాలం బిల్లు చూసినంక నవ్వు రాలె. సగటు పెరిగిపోయి, గడ్డికి పెట్టిన నీళ్లకు సుత మురుగు చార్జీ! ప్రతి డాలరును రూపాయల్లకు మార్చి లెక్కేసుకున్న. ఆ రోగం ఇప్పటికీ పోలె.

అందుకే నవంబరు రాకముందే కారే టాయిలెట్ ట్యాంకు బాగుచేయించు, గడ్డికి నీళ్లు ఆపు. అమ్మనాయినలను ఎండకాలమే పిలువు.

రెండోది నా షోకు. ఇల్లు కొన్నంక, అందరం బతుకమ్మ ఆడొచ్చని వెనుక జాగంత కాంక్రీటు పోయించిన. వాననీళ్లు ఇంకని జాగ ఎంతుంటే డ్రైనేజీ చార్జీ అంత. పండుగ ఏడాదికోసారి, చార్జీ నెలనెలా. అయినా ఈ పద్దు మీద నాకు కోపం లేదు. 2020 ఆగస్టుల, మళ్ల 2023 జూలైల మన హన్మకొండ కాలనీలల్ల నీళ్లు ఇండ్లల్లకు ఎట్ల వచ్చినయో చూసినం గదా. నాలాల మీద ఇండ్లు కడితే నీళ్లు ఎటు పోవాలె? 2019 మున్సిపల్ చట్టం మన దగ్గర బడ్జెట్‌ల 10 శాతం పచ్చదనానికి పెట్టాలన్నది. ఇక్కడ వానకాల్వలకు సుత సొంత పద్దున్నది.

చెత్తకు 24 గ్యాలన్ల డబ్బా నుంచి 96 దాక ఉంటయి. చిన్నది తీసుకో, ఇద్దరే ఉన్నరు.

ఇగ శివార్ల ఇల్లు. ధర చూసి మురిసిపోకు. కొత్త కాలనీలు చానవి మడ్‌ల (MUD) కింద ఉంటయి, మడ్ అంటే ఆ ఏరియా నీళ్లకు, మురుగుకు పెట్టిన ప్రత్యేక సర్కారు సంస్థ. పైపులు వేసేటందుకు అది బాండ్లు అమ్మి అప్పు తెస్తది. ఆ అప్పు ఇండ్లు కొన్నోళ్ల ఆస్తిపన్ను మీద పడి ఏండ్లకేండ్లు నడుస్తది. ఇంటి వాయిదా ఒక్కటే లెక్కేసుకొని, పన్ను కాయితం వచ్చినంక నాకు ఫోన్లు చేసే తమ్ముళ్లు ఎక్కువైన్రు. పన్ను రేటు, అప్పు ఎంతో రాసిన నోటీసు అమ్మేటాయన ముందే ఇయ్యాలె, నీ సంతకం తీసుకోవాలె. మీరు ఫోన్‌ల గీకి సంతకం పెడతరు, చదువరు.

ఆస్టిన్‌ల బడ్జెటు ముసాయిదా జూలైల వస్తది, ఆగస్టుల కౌన్సిల్ ఓటేస్తది, అక్టోబరు 1న కొత్త బడ్జెటు ఏడాది మొదలు. అంతకుముందు ఎవరైనా పేరు రాయించుకొని మాట్లాడొచ్చు. నేను పోయి మాట్లాడిన, రేటేం తగ్గలె. కాని ఎంత పెరుగుతదో ముందే తెలిసి, నెలకింత పక్కకు పెట్టుకున్న. ఆ మడ్ నోటీసు చేతికి రాంగనే, సంతకం పెట్టకముందు నాకు పంపు.