పోర్ట్‌ఫోలియో రీడిజైన్: హోమ్‌పేజీని చివరికి వదిలేయండి

‘వెబ్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను, నా పోర్ట్‌ఫోలియో సైటు (చేసిన పనులు చూపించే సైటు) పాతబడింది, మార్చాలని కూర్చున్న ప్రతిసారీ హోమ్‌పేజీ దగ్గరే ఆగిపోతున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి, టెంప్లేట్ (ముందే తయారైన నమూనా) వాడొచ్చా’ అని మీరు అడిగారు. నేను హైదరాబాద్‌లో ఫ్రీలాన్స్ చేస్తాను. ఆమధ్య నా సైటంతా మళ్లీ కట్టుకున్నాను కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఫిగ్మా (పేజీలు గీసే డిజైన్ సాఫ్ట్‌వేర్) మూసేయండి. ఖాళీ డాక్యుమెంట్ ఒకటి తెరిచి, ఎవరైనా అడిగితే ఆపకుండా అరగంట మాట్లాడగలిగే పనులేవో రాసుకోండి. నాకు నాలుగే తేలాయి. మిగతావన్నీ సైట్లోంచి తీసేశాను. ఇష్టపడి చేసిన పనిని తీసేయాలంటే మనసొప్పదు, నిజమే. కానీ స్క్రీన్‌షాట్ చూసి అందులో మీ చెయ్యి ఎంతో ఎవరూ చెప్పలేరు, టీమ్‌లో చేసిన పనైతే మరీను. ఏ భాగం మీది, ఎక్కడ చిక్కొచ్చింది, ఏ దారి వద్దనుకున్నారు, ఎందుకు వద్దనుకున్నారు? పని ఇచ్చేవాళ్లు వెతికేది ఇదే.

నా సైట్లో ఎక్కువమంది మాట్లాడేది ఒక తెలుగు కథల పత్రిక వెబ్‌సైటు గురించి. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్‌లో లైన్-హైట్, అంటే వరుసకూ వరుసకూ మధ్య దూరం, అక్షరం సైజుకు 1.4 రెట్లు ఉండేది. ఫోన్లో చదువుతుంటే పై వరుసలోని ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటల ఒత్తులు కింది వరుస గుడులకు తగిలేవి. దాన్ని 1.8 చేశాం. శీర్షికలకు అనేక్ తెలుగు తీసుకున్నాం. అది వెడల్పూ మందమూ రెండూ మార్చుకోగల వేరియబుల్ ఫాంట్, కాబట్టి పొడవాటి సమాసం కూడా చిన్న తెరమీద విరగకుండా ఇమిడింది. సంయుక్తాక్షరాల వల్ల తెలుగు ఫాంట్ ఫైళ్లు ఇంగ్లిష్ వాటికంటే బరువుంటాయి. అందుకే వెబ్ కోసం ఫాంట్‌ను కుదించే డబ్ల్యూఓఎఫ్ఎఫ్2 రూపంలో, వాడని అక్షరాలు తీసేసి ఇచ్చాం. పాత పోర్ట్‌ఫోలియోలో దీనికి గుర్తుగా ముఖపత్రం బొమ్మ ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఒకే పేరాను మార్పుకు ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టాను, బొమ్మగా కాదు, నిజమైన టెక్స్ట్‌గా. చూసేవాళ్లు జూమ్ చేసి పరీక్షించుకోవచ్చు. తెలుగు అక్షరాన్ని తెరమీద చక్కగా నిలబెట్టడం ఒక నైపుణ్యం. మీకు అది ఉంటే దాచుకోకండి, మొదటి వరుసలో పెట్టండి.

కంపెనీతో గోప్యత ఒప్పందం ఉన్న పనులకు రాతపూర్వకంగా అనుమతి అడగండి. రాకపోతే సైట్లో పెట్టొద్దు.

ఇక సాంకేతికం. బొమ్మలు వెబ్‌పీ లేదా ఏవీఐఎఫ్ అనే తేలికపాటి ఫైల్ రూపాల్లో పెట్టి, వెడల్పు, ఎత్తు కోడ్‌లోనే ఇవ్వండి, పేజీ లోడవుతూ కుదుపులకు లోనవదు. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. డిజైనర్ సైటే నత్తనడక నడిస్తే క్లయింటుకు నమ్మకం ఎలా కుదురుతుంది? తెల్లటి నేపథ్యం మీద లేత బూడిదరంగు అక్షరాలు మానేయండి. మామూలు సైజు టెక్స్ట్‌కు కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి. యానిమేషన్ పెట్టినా, ఫోన్ సెట్టింగ్‌లో కదలికలు వద్దనుకున్నవాళ్లకు అది ఆగేలా చూడండి. పాత లింకులు మీ రెజ్యూమేల్లో, ఎప్పుడో పంపిన మెయిళ్లలో ఉంటాయి, వాటిని నొక్కినవాళ్లను కొత్త పేజీలకు శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్ట్ తప్పనిసరి.

కాంటాక్ట్ ఫారం ఒక్కటే పెట్టి వదిలేయకండి. మన దగ్గర చిన్న వ్యాపారులు ఫారం నింపడం నేను పెద్దగా చూడలేదు, నేరుగా వాట్సాప్ చేస్తారు. నంబరు, మెయిల్ ఐడీ కళ్లకు కనబడేలా ఉంచండి.

రెండు కేస్ స్టడీలు (ఒక్కో పని ఎలా చేశారో చెప్పే పేజీలు) పూర్తయితే చాలు, సైటును లైవ్ చేసేయండి. మిగతావి తర్వాత చేర్చుకోవచ్చు. అప్పటికి హోమ్‌పేజీకి పెద్ద పనేమీ మిగలదు: మీరేం చేస్తారో ఒక వాక్యం, ఆ పనులకు లింకులు.

టెంప్లేట్ విషయానికొస్తే, మీరు కోడ్ కూడా రాస్తామని చెప్పుకునేవాళ్లయితే సొంతంగానే కట్టండి, పని ఇచ్చేవాళ్లు పేజీ సోర్స్ కోడ్ తెరిచి చూస్తారు. డిజైన్ మాత్రమే చేసేవాళ్లయితే టెంప్లేట్ నిరభ్యంతరంగా వాడండి, కానీ ఫాంట్లు, లైన్-హైట్, ఖాళీల కొలతలు మాత్రం మీ చేత్తో సరిచేసుకోండి.