సీరియల్ హీరో మీద పిచ్చి, ‘గుడ్డి’ సినిమా చిట్కా

ప్రశ్న: మాది సోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. మా అమ్మాయికి 17 ఏళ్ళు, పన్నెండో తరగతి. ఒక హిందీ సీరియల్ హీరో అంటే దానికి ప్రాణం. అతని పేరు మీద ఇన్‌స్టాగ్రామ్‌లో ఫ్యాన్ పేజీ నడుపుతోంది. అతని మేనేజర్‌నని చెప్పుకున్న ఎవరికో, హీరోని కలిపిస్తాడని రెండు విడతల్లో 7,500 రూపాయలు పంపిందని నిన్ననే తెలిసింది. ముంబైకి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టు కూడా తీసుకుంది. వాళ్ళ నాన్న పోస్టర్లు చింపేసి ఫోను లాక్కున్నారు. అప్పట్నుంచి సరిగ్గా తినడం లేదు. మా తమ్ముడేమో పాత హిందీ సినిమా ‘గుడ్డి’లోలాగా చేసి, ఆ తర్వాత తన కొడుక్కి ఇచ్చి పెళ్ళి చేస్తే అన్నీ మర్చిపోతుంది అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు డబ్బు సంగతి చూడండి. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది మాత్రం ఆగదు. ఇవాళే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఒక ఖాతాలోంచి మరో ఖాతాకి దాటిపోయేలోపు ఫిర్యాదు అందితేనే బ్యాంకు దాన్ని ఆపగలదు. రెండు చెల్లింపుల తేదీ, సమయం, యూపీఐ యాప్‌లో కనిపించే 12 అంకెల నంబరు, అవతలివాడి యూపీఐ ఐడీ, చాట్ స్క్రీన్‌షాట్లు, వాడి ప్రొఫైల్ లింకు దగ్గర పెట్టుకోండి. పైన కనిపించే పేరొక్కటే రాసుకుంటే చాలదు, వాళ్ళు దాన్ని ఎప్పుడంటే అప్పుడు మార్చేస్తారు. కోపంలో చాట్ మొత్తం చెరిపేయకండి, ఉన్న ఆధారం అదే.

ఫోటోలేమైనా పంపిందా అని నెమ్మదిగా అడగండి, అదీ మీరొక్కరే ఉన్నప్పుడు. పంపి ఉంటే బెదిరింపులు మొదలవ్వొచ్చు. ఒక్క రూపాయి కూడా పంపకుండా, అదే పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదుల విభాగంలో ఆ విషయం కూడా చేర్చండి. 18 నిండని పిల్ల కాబట్టి, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం వర్తిస్తుంది. ఇంట్లో తిడతారన్న భయంతోనే చాలామంది పిల్లలు రెండోసారి డబ్బు కడతారు, ఎదుటివాడికి కావాల్సిందీ ఆ భయమే.

ఇక ‘గుడ్డి’. 1971లో హృషికేశ్ ముఖర్జీ తీసిన ఈ సినిమాలో జయా భాదురి వేసిన కుసుమ్ అనే స్కూలు పిల్ల ధర్మేంద్రని ప్రేమిస్తున్నాననుకుంటుంది, ఇంట్లోవాళ్ళు కుదర్చాలనుకున్న అబ్బాయిని వద్దంటుంది. ఉత్పల్ దత్ వేసిన, ఆ అబ్బాయి మామయ్య కేకలేయడు, పోస్టర్లు చింపడు. ధర్మేంద్ర సాయం తీసుకుని ఆ పిల్లని స్టూడియోలోకి తీసుకెళ్ళి, తెరమీద హీరో చేసే ఫైటింగుల్లో దెబ్బలు తినేది వేరేవాళ్ళని చూపిస్తాడు. హీరో అవుదామని ఊరొదిలి వచ్చి ఎక్స్‌ట్రాగా మిగిలిపోయిన కుర్రాడు కూడా కనిపిస్తాడు, ఆ వేషం అస్రానీది. పిల్లని ఎగతాళి చేయకపోవడమే ఈ కామెడీలో గొప్ప విషయం. హీరో చెడ్డవాడని ఎవరూ అనరు. అలా అని ఉంటే కుసుమ్ అతని తరఫున పోట్లాడేది, మీ అమ్మాయి వాళ్ళ నాన్నతో చేస్తున్నది అదే.

ఆ చిట్కాలో ఒక భాగం మీకు దొరకదు: ఏ హీరో మీ ఇంటికి వచ్చి మాట్లాడడు. తెర వెనుక పనిని చూపించడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. రాత్రి భోజనాల వేళ రోజుకి ఒక్క ఎపిసోడ్ టీవీలో మీరూ పక్కన కూర్చుని చూడండి. వెక్కిరించకుండా ప్రశ్నలడగండి. ఒకే మాటకి ఐదుగురి ముఖాలు వరసగా ఎందుకు చూపిస్తారు? రోజూ ఎపిసోడ్ ఇవ్వాలి కదా, కథ కొంచెమే కదిలినా ఇరవై నిమిషాలు నిండాలి. గురువారం గురువారం వచ్చే రేటింగులు పడిపోతే కథ మలుపు తిరుగుతుంది, పాత్ర చనిపోతుంది, ఒక్కోసారి అదే పాత్రలో కొత్త ముఖం దిగుతుంది. షిఫ్టు పన్నెండు గంటలు, డైలాగు కాగితాలు తరచూ అదే రోజు సెట్‌కి వస్తాయి, పారితోషికం తొంభై రోజులకి చేతికందడం ఆ పరిశ్రమలో మామూలే. అభిమానులకి వచ్చే జవాబులు చాలాసార్లు సోషల్ మీడియా టీమ్ రాసేవే. ఇవన్నీ ఉపన్యాసంలా ఒక్కరోజే చెప్పేయకండి. కాలేజీ సెలవుల్లో వీలైతే హైదరాబాద్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్ళండి, ముందు గోడ మాత్రమే ఉన్న భవనాలు చూస్తుంది. అక్కడ కనిపించేదీ సందర్శకుల కోసం ముస్తాబు చేసిందే అనుకోండి. సెట్‌లో లైట్‌మ్యానో అసిస్టెంటో తెలిసినవాళ్ళుంటే వాళ్ళతో గంట మాట్లాడించడం అంతకన్నా మేలు.

ఫోను ఈరోజే తిరిగివ్వండి, షరతులు ఆమెతోనే రాయించి. రాత్రి పదిన్నరకి ఫోను హాల్లో చార్జింగ్‌కి పెట్టాలి, యూపీఐకి రోజువారీ పరిమితి ఉండాలి, కొత్తవాళ్ళ మెసేజ్ అడ్డుపడేలా సెట్టింగు మార్చాలి. ఫ్యాన్ పేజీని మూయించకండి. ఆ పేజీకి వీడియోలు కత్తిరించి, పాటకి తాళం కలిపి పెడుతోంది కదా, అది ఎడిటింగ్ పని. ఫిబ్రవరిలో మొదలయ్యే బోర్డు పరీక్షలు అయిపోగానే ఆ విద్యే సరిగ్గా నేర్చుకోమనండి. అప్పటిదాకా పేజీకి వారానికి రెండు పోస్టులు చాలు. టికెట్టు మాత్రం మీరు రద్దు చేయకండి, ఆమె చేతే చేయించండి. చాలా హిందీ సీరియళ్ళ షూటింగు గోరేగావ్ ఫిల్మ్ సిటీలోనే కాదు, నాయ్‌గావ్‌లో, మడ్ ఐలాండ్‌లో కూడా జరుగుతుంది. అనుమతి లేనిదే గేటు దాటనివ్వరు. ఇది చెబితే ప్రయాణం ఎంత గుడ్డిగా తలపెట్టిందో ఆమెకే తెలుస్తుంది.

వాళ్ళ నాన్న క్షమాపణ చెప్పాల్సిన పనిలేదు గానీ, “పోస్టర్లు చింపకుండా ఉండాల్సింది” అన్న ఒక్క ముక్క ఆయన నోట రావాలి. అన్నం దగ్గరికి రప్పించేది అదే.

మీ తమ్ముడి రెండో మాట పక్కన పెట్టండి. 18 నిండకుండా అమ్మాయికి పెళ్ళి చేయడం 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. అది అలా ఉంచితే, అభిమానానికి విరుగుడుగా మేనరికం తెస్తే పిల్ల దృష్టిలో ఆ బావ కూడా శిక్షే అవుతాడు. ఆ కుర్రాడికీ అన్యాయమే. ‘గుడ్డి’లోనూ కథ చివరికి పెళ్ళి వైపే తిరుగుతుంది, ఆ సినిమాలో మనం తీసుకోకూడనిది అదొక్కటే.

ఈ వయసులో ఇలాంటి ఆరాధన చాలావరకు కొన్ని నెలల్లో తనంతట తానే పలచబడుతుంది. కానీ “సీరియల్లో ఆ డైలాగు నాకోసమే అన్నాడు” అని గట్టిగా నమ్మినా, వారం పైన నిద్రా తిండీ లేకపోయినా, చేతి మీద కోతలు కనిపించినా, ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదలడానికి మళ్ళీ ప్రయత్నించినా సైకియాట్రిస్టుకి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడొచ్చు. కోతలు కనిపిస్తే మాత్రం ఫోనుతో సరిపెట్టకుండా, అదే రోజు సివిల్ ఆసుపత్రికి తీసుకెళ్ళండి.