నాగజెముడు పండు రంగు కలపాలంటే ఫుడ్ లైసెన్సు ఒక్కటే చాలదు

ప్రశ్న: మాది తాడిపత్రి. నన్నారి, రోజ్ సిరప్‌లు చేసి అమ్ముతాం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు ఉంది. బజారు ఎర్రరంగు వద్దనుకుని, నాగజెముడు పండ్ల నుంచి స్పిరిట్‌తో రంగు తీసి పొడి చేసి రోజ్ సిరప్‌లో కలుపుతున్నాం. అనంతపురం బేకరీలవాళ్లు కూడా ఆ పొడి అడుగుతున్నారు. పండు రంగే కాబట్టి పర్మిషన్ అక్కర్లేదని కొందరంటున్నారు, డబ్బిస్తే వారంలో అప్రూవల్ తెస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పొడి కలిపిన సిరప్ అమ్మడం ఆపండి. బేకరీలకు శాంపిల్‌గా కూడా ఇవ్వకండి.

మీ దగ్గరున్న 14 అంకెల లైసెన్సు వ్యాపారం చేసుకోవడానికి మాత్రమే. సరుకులో ఏం కలపొచ్చన్నది వేరే సంగతి. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 19 ప్రకారం నిబంధనలు ఒప్పుకున్న ఎడిటివ్ (రంగు, నిల్వ లాంటి వాటి కోసం కలిపే పదార్థం) మాత్రమే కలపాలి, ఏ పదార్థంలో ఏది ఎంతవరకు కలపొచ్చో 2011 నిబంధనల పట్టికల్లో ఉంటుంది. ప్రకృతి నుంచి వచ్చిందని ఎవరికీ మినహాయింపు లేదు, పసుపు నుంచి తీసే కర్క్యుమిన్‌కు కూడా ఐఎన్‌ఎస్ (ఎడిటివ్‌లకిచ్చే అంతర్జాతీయ నంబరు) 100 అని ఉంది. బీట్‌రూట్ ఎరుపుకు 162 ఉంది కదా, మా రంగూ అలాంటిదే కదా అని మీకు అనిపించొచ్చు, కానీ ఆ నంబరు బీట్‌రూట్ దుంప నుంచి తీసిన రంగుకే. అనుమతి లేని పదార్థం కలిస్తే ఆ ఆహారం చట్టం దృష్టిలో 'అన్‌సేఫ్', అంటే ఎవరికీ ఏమీ కాకపోయినా సెక్షన్ 59 కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు, జైలు శిక్ష కూడా ఉంది. అందుకే ఆపమంటున్నాను.

ఇప్పుడు దారులు చూద్దాం. నాకు నచ్చేది సులువైనదే: రంగు విడిగా తీయకండి, పండు గుజ్జునే వాడండి. మామూలుగా తినని పదార్థాన్ని రంగు కోసమో నిల్వ కోసమో కావాలని కలిపితేనే చట్టం దాన్ని ఎడిటివ్ అంటుంది. మన సీమలో నాగజెముడు పండు పిల్లలు కోసుకు తినేదే కాబట్టి, గుజ్జుగా కలిపి లేబుల్ మీద ఆ పేరే రాస్తే అది ఒక ముడిసరుకు అని వాదించే అవకాశం బాగా ఉంటుంది. స్పిరిట్‌తో ఒక్క రంగునే లాగేసి పొడి చేస్తే ఆ వాదన నిలబడదు. గుజ్జుకు మారినా, మీ లైసెన్సులో ఆ సిరప్ ఏ కేటగిరీలో ఉందో, ఆ కేటగిరీలో ఈ పండు వాడొచ్చో సరిచూసుకున్నాకే మొదలుపెట్టండి.

పొడే అమ్మాలంటే 2017లో వచ్చిన నాన్-స్పెసిఫైడ్ ఫుడ్ (ఇంకా ప్రమాణాలు పెట్టని ఆహార పదార్థాల) నిబంధనల కింద దరఖాస్తు పెట్టాలి, కొత్త ఎడిటివ్‌లు వాటిలోకే వస్తాయి. నిర్ణయం ఢిల్లీలోని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐది, జిల్లా ఆఫీసుది కాదు. రంగు ఎలా తీస్తారు, స్పిరిట్ ఎంత మిగులుతుంది, రోజుకు మనిషి ఎంత తింటాడు, విషప్రభావం, ఎలర్జీ పరీక్షలు ఏం చెప్పాయి, వేరే దేశాల్లో అనుమతి ఉందా, ఇవన్నీ అడుగుతారు. అసలు ఖర్చు ఈ పరీక్షల దగ్గరే, చిన్న యూనిట్‌కు చాలా భారం. దిగేముందు మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లతో ఒకసారి మాట్లాడండి. ఇంత పని వారంలో తెస్తానన్న ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకండి. పాత ప్రొడక్ట్ అప్రూవల్ పద్ధతి 2015 సుప్రీం కోర్టు తీర్పుతో పోయింది, ఆ పేరు చెప్పి డబ్బడిగినా నమ్మొద్దు.

ఈలోగా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ (జనం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అంటారు) వచ్చి శాంపిల్ తీస్తే గొడవ పడకండి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు, నాలుగో భాగాన్ని గుర్తింపున్న ల్యాబుకు పంపమని అప్పుడే రాసివ్వండి, ఆ ఖర్చు మీదే. రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే, అది చేతికందిన 30 రోజుల్లో డెజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (ఆయన పైన ఉండే ఆహార భద్రత అధికారికి) అప్పీలు చేసుకోవాలి. కాగితం అందిన తేదీ రాసిపెట్టుకోండి, ఆ కవరు కూడా పారేయకండి.