కొలిమి ముందు కంటి పని: కత్తుల తయారీపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక వర్క్‌షాప్‌లో వెల్డింగు పని చేస్తున్నాను. ఫోన్‌లో ఒక వీడియో చూసి, అందులో చేసినట్టే సొంతంగా రెండు కత్తులు తయారు చేశాను. మొదటిది షాపులో మిగిలిన మామూలు ఇనుప పట్టీతోను, రెండవది పాత లారీ కమాన్ పట్టీతోను చేశాను. రెండింటినీ ఎర్రగా కాల్చి, కొట్టి, నూనెలో ముంచి, గ్రైండర్ మీద అంచు తీశాను. చూడటానికి రెండూ బాగానే వచ్చాయి. కానీ మొదటిది వారం రోజులు ఉల్లిగడ్డలు తరగగానే మొద్దుబారింది, రెండవది చేతిలోంచి జారి బండ మీద పడగానే రెండు ముక్కలైంది. మా మేనమామ పరకాల దగ్గర చాలా ఏళ్లు కమ్మరి పని చేశాడు. కత్తి పని చేతికి రావాలంటే ఏళ్లు పడుతుందని ఆయన అంటాడు. కాల్చడం, కొట్టడం, సానపట్టడం తప్ప ఇందులో ఏముందని నేను అంటాను. మా ఇద్దరిలో ఎవరి మాట నిజం?

జవాబు: మీ మేనమామ మాటే నిజం. అందుకు సాక్ష్యం మీరు చేసిన ఆ రెండు కత్తులే. అయితే వాటిని పారేయకండి. ఒకటి మొద్దుబారడంలోను, ఇంకొకటి విరగడంలోను ఈ విద్య సగం దాగి ఉంది.

మొదటి కత్తిని చూద్దాం. వెల్డింగు షాపుల్లో గేట్లకు, కిటికీలకు వాడే మామూలు ఇనుప పట్టీలో కర్బనం సుమారు 0.2 శాతం మాత్రమే ఉంటుంది. అంత తక్కువ కర్బనం ఉన్న లోహాన్ని ఎంత ఎర్రగా కాల్చి ఎందులో ముంచినా, కత్తి అంచుకు కావలసిన గట్టితనం దానికి రాదు. మీరు దానికి ఆకారం ఇచ్చారు, అంచు కూడా తీశారు, కాని ఆ అంచును నిలబెట్టగలిగే శక్తి ఆ ఇనుములో మొదటి నుంచీ లేదు. కమాన్ పట్టీ సంగతి వేరు. అందులో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది కనుక ముంచగానే అది నిజంగానే గట్టిపడింది. అయితే గట్టిపడిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసుతనాన్ని తగ్గించడానికి దాన్ని మళ్లీ కొద్దిగా, చాలా జాగ్రత్తగా వేడి చేయాలి. మీ ఉత్తరంలో ఆ రెండవ వేడి ప్రస్తావన ఎక్కడా లేదు. మీరు చూసిన వీడియోలో దాన్ని కత్తిరించి ఉంటారు, ఎందుకంటే చూసేవారికి అందులో కనబడేది ఏమీ ఉండదు.

మన భాషలో పదును అనే మాట ఎంత లోతైనదో ఇక్కడ తెలుస్తుంది. వాన పడ్డాక రైతు నేలను చేతిలోకి తీసుకొని పదును చూస్తాడు. బురదగా ఉంటే నాగలి సాగదు, ఎండిపోతే గడ్డ పగలదు, ఆ రెండింటి నడుమ ఉండే కొద్దిపాటి అదను దొరికినప్పుడే దుక్కి దున్నుతాడు. కత్తి పదును కూడా సరిగ్గా అటువంటిదే. మెత్తగా ఉంటే అంచు వంగిపోతుంది, మరీ గట్టిగా ఉంటే పెచ్చులూడిపోతుంది. కమ్మరి వెతికేది ఆ నడుమ ఉన్న స్థితిని.

నేను లోహశాస్త్రం చదువుకొని, చాలా ఏళ్లు విద్యార్థులకు బోధించినవాడిని. ఉక్కును సుమారు 800 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే దాని పరమాణువుల అమరిక మారి కర్బనం అందులో కరిగిపోతుందని, ఒక్కసారిగా చల్లార్చినప్పుడు ఆ కర్బనం బయటికి రాలేక లోపలే ఇరుక్కుపోతుందని, ఆ బిగువు వల్లనే గట్టితనం వస్తుందని తరగతిలో బొమ్మ గీసి చెప్పేవాడిని. ఒకసారి జనగామ వైపు ఒక పల్లెలో కమ్మరి అనుమతితో ఆ పని నా చేత్తో చేయబోయాను. కొలిమిలోంచి తీసిన ముక్కను ఆరుబయట పట్టుకొని చూస్తే రంగు ఇంకా చాలలేదనిపించింది, మళ్లీ కాల్చాను. “సారూ, ఎండల జూస్తే రంగు మోసం జేస్తది, నీడకు రాండ్రి” అన్నాడాయన. నీడలోకి తెచ్చేసరికి అది నారింజ రంగు దాటి పసుపులోకి పోయింది. వేడి అంతగా మీరితే ఉక్కు లోపలి రేణువులు పెద్దవవుతాయి, అలాంటి ఉక్కును ముంచి విరిస్తే విరిగిన చోట ఇసుక పలుకుల్లా కనబడతాయి. కొలిమి పాక చూరు కిందికి దిగి, లోపల ఎప్పుడూ మసక చీకటిగా ఎందుకుంటుందో ఆ రోజు నాకు అర్థమైంది. ఆ మసకలోనే వేడి రంగు ఉన్నదున్నట్టు కనబడుతుంది.

రెండవ వేడి ఇంకా సున్నితమైనది. ముంచి తీసిన కత్తి పక్కను రాయితో మెరిసేలా రుద్ది, వీపు వైపు నుంచి మెల్లగా వేడి ఎక్కిస్తే, ఆ మెరుపు మీద రంగులు ఒకదాని వెంట ఒకటి నడుస్తూ అంచు వైపు వస్తాయి. సుమారు 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, ఆ తరువాత బెల్లం రంగు, 280 దగ్గర వంకాయ రంగు, 300 దగ్గర నీలం కనబడతాయి. కూరగాయల కత్తికి ఎండుగడ్డి రంగు అంచును తాకగానే ఆపాలి. దెబ్బ తట్టుకోవలసిన గొడ్డలికైతే వంకాయ రంగు దాకా పోనివ్వవచ్చు. పలుచని అంచు దగ్గర ఈ రంగులు కొన్ని క్షణాల్లోనే దాటిపోతాయి. ఆ క్షణాన్ని పట్టుకోవడం నేను పుస్తకంలో రాయగలను గాని, రాసినంత మాత్రాన చదివినవారి కంటికి అది అబ్బదు. మీ మేనమామ చెప్పిన ఏళ్లు అక్కడే ఖర్చవుతాయి.

పద్ధతి తెలియడం వేరు, పని రావడం వేరు అనడానికి మన ఉత్తర తెలంగాణ చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రల్లో, ఉక్కు తయారు చేసేవారు. పర్షియా (నేటి ఇరాన్) వర్తకులు దాన్ని కొని తమ దేశానికి తీసుకుపోయి కత్తులకు వాడేవారు. 1820ల నాటి ఆ పనిని స్వయంగా చూసిన హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాసిన వివరణ, ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మూసలో పెట్టి, ఒక పగలూ రాత్రీ బొగ్గు నిప్పులో ఉంచడం, తయారైన ఉక్కు బిళ్లలను మళ్లీ మళ్లీ కాచి మెత్తబరచడం అందులో ఉన్నాయి. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి కోనసముద్రానికి వచ్చిన ఒక వర్తకుడు ఆయనకు చెప్పిన మాట నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఈ పద్ధతి అంతా పర్షియా వారికి తెలుసని, తమ దేశంలో అలాగే చేసి చూశారని, అయినా కుదరలేదని ఆ వర్తకుడు చెప్పాడట. ఆ పనివారి పేర్లు నాకు తెలిసినంతలో ఒక్కటీ మిగలలేదు. ఇప్పుడు ఆ విద్యను ‘ఇంతే కదా’ అనేవారిలో వారి నేల మీదే పుట్టిన మనమూ ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

కొలిమి పని అయ్యాక మిగిలేది మందం. మీ కత్తి వీపు రెండు మిల్లీమీటర్లుండి, అంచుకు చేరేసరికి మిల్లీమీటరులో మూడో వంతుకు దిగకపోతే అది ఉల్లిగడ్డను కోయదు, చీలుస్తుంది. కమ్మరి చేసేది ఒకే రకం కత్తి కాదు. మాంసం కొట్టే కత్తికి బరువు ముందుకు ఉండాలి. కల్లు గీసే గౌండ్లవారి గీత కత్తి తాటి గెలను పలుచని పొరగా చెక్కగలగాలి, చెట్టు మీద నిలబడ్డ మనిషి చెయ్యి దాన్ని అతి తేలికగా తిప్పగలగాలి. వరికోతల ముందు కొడవలికి కక్కు (అంచు పళ్లు) పెట్టించుకోవడానికి వచ్చేవారిలో ఎవరు కుడిచేత్తో కోస్తారో, ఎవరు ఎడమచేత్తో కోస్తారో మంచి కమ్మరికి తెలిసే ఉంటుంది. ఈ ఎరుకను నేను నైపుణ్యంలో భాగంగానే లెక్కిస్తాను.

ఇక మీరు మళ్లీ చేయదలిస్తే ఇలా చేయండి. కమాన్ పట్టీనే తీసుకోండి, అయితే బాగా అరిగిన పాత పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు గనుక గుడ్డిగా నమ్మవద్దు. రంగు మీద కన్ను కుదిరేదాకా అయస్కాంతం సాయం తీసుకోండి. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, ఆ తరువాత ఇంకొంచెం మాత్రమే కాల్చి, గోరువెచ్చని నూనెలో అంచు కిందికి వచ్చేలా నిటారుగా దించండి. పక్కకు పడుకోబెట్టి దించితే కత్తి వంకర పోతుంది. నూనె మండవచ్చు కనుక ఇనుప డబ్బా, దాని మూత దగ్గరే ఉంచుకోండి, కళ్లను కాపాడే రక్షణ అద్దాలు లేకుండా పని మొదలుపెట్టకండి. చల్లారాక అంచు మీద ఆకురాయి గీసి చూడండి. అది పట్టకుండా జారితే ఉక్కు గట్టిపడినట్టే. వెంటనే 200 డిగ్రీల దగ్గర ఒక్కో గంట చొప్పున రెండుసార్లు ఓవెన్‌లో ఉంచండి. ఆ తరువాత గ్రైండర్ మీద పెట్టినప్పుడు కత్తిని మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ ఉండాలి. అంచు మీద నీలం రంగు ఒక్కసారి కనబడిందంటే అప్పటిదాకా పడిన శ్రమ ఆ మేరకు పోయినట్టే.

అన్నిటికన్నా ముందు మీ మేనమామ పక్కన ఒక వేసవి కూర్చోండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి పని కూడా ఉంది. అందులో పరికరాలకు 15,000 రూపాయల దాకా సాయం లభిస్తుంది. ఆయన ఇంకా కొలిమి నడుపుతూ ఉంటే ఆ వివరాలు కనుక్కోండి. అందులోని ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులే గనుక మీకు కావలసింది అక్కడ దొరకదు, ఆయన దగ్గరే దొరుకుతుంది.

ప్రశ్న: మా అత్తగారి కాలం నాటి నల్ల ఇనుప కత్తిపీట తుప్పు పడుతోందని పిల్లలు స్టీలు కత్తులు కొని తెచ్చారు. పాతదాన్ని తూకానికి వేయమంటారా? — ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: వేయకండమ్మా. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండటం వల్ల అది తుప్పును అడ్డుకుంటుంది, నిజమే. కాని చవకగా దొరికే స్టీలు కత్తుల్లో చాలావాటికి అంచు త్వరగా పోతుంది, ఇంటి రాయి మీద మళ్లీ పదును తెచ్చుకోవడమూ కష్టం. మీ కత్తిపీట అన్నేళ్లు కోసిందంటే దాన్ని చేసిన కమ్మరి వేడి సరిగా పట్టాడన్నమాట. పైన పడిన తుప్పును ఇటుక పొడితో రుద్ది తీసేయండి. చింతపండు, నిమ్మకాయ తగిలిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, రాత్రికి ఒక చుక్క నూనె రాయండి. నిప్పు మీద మాత్రం కాల్చవద్దు. అంచు బాగా అరిగి ఉంటే గ్రైండర్ తిప్పేవారికి కాకుండా, చేత్తో సానపట్టేవారికి ఇవ్వండి.